ఆకుపచ్చకి మార్కు ఎవరికి?

మొన్న ఆగస్టు 15న మా అపార్ట్‌మెంట్‌లో జెండా ఎగరేయడం, జనగణమన, సమోసాలు అన్నీ బాగానే జరిగాయి. గొడవ వచ్చింది ఆ తర్వాత పిల్లలకి పెట్టిన క్విజ్‌లో. ప్రశ్న చాలా మామూలుది: "మన జెండాలో ఆకుపచ్చ రంగు దేనికి గుర్తు?" ఒక పిల్లాడు "పంటలకి" అన్నాడు. ఇంకొకడు "సమృద్ధికి" అన్నాడు. సెలవు కదా అని మా ఇంటికొచ్చిన మేనకోడలు, ఆరో తరగతి, లేచి నిలబడి "విశ్వాసానికి, శౌర్యానికి" అంది. సెక్రటరీ గారు చేతిలో కాగితం చూసుకుని సమృద్ధికి మార్కు వేశారు. తర్వాతి ప్రశ్న చదవబోతుంటే ముందు వరస ప్లాస్టిక్ కుర్చీలోంచి ఒక పెద్దాయన, రెవెన్యూలో చేసి రిటైరైనాయన, అందుకున్నారు. "సమృద్ధేంటండీ! ఆకుపచ్చ ముస్లిములది, కాషాయం మనది, తెలుపు మిగతావాళ్ళది. మేం చిన్నప్పుడు అట్లాగే చదువుకున్నాం."

వెనకనుంచి ఎవరో "పిల్లల ముందు ఇవన్నీ ఎందుకండీ" అన్నారు. "ఉన్నమాట చెబితే తప్పా" అని ఆయన. ఇంకొకరు ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టారు. మైకు కాసేపు కీచుమంది. "పంటలకి" అన్న పిల్లాడు మూడో అంతస్తులో ఉండే ముస్లిం కుటుంబం వాళ్ళబ్బాయి. సగం తిన్న సమోసా చేతిలో పట్టుకుని పెద్దవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. ఆ చూపు నాకు వారం రోజులు వదల్లేదు.

ఇంటికొచ్చాక మా మేనకోడలు, "మామయ్యా, మరి ఏది కరెక్ట్?" అని అడిగింది. అన్నీ కరెక్టేలే అని తప్పించుకోబోయాను. "అన్నీ కరెక్టయితే నాక్కూడా మార్కు రావాలి కదా" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి రాజ్యాంగ సభ చర్చలు తెరిచి కూర్చున్నాను, ఇంకో రెండు రాత్రులు కూడా అదే పని అయింది.

1947 జూలై 22న నెహ్రూ ప్రవేశపెట్టిన తీర్మానం ఎంత చిన్నదో! ముదురు కాషాయం, తెలుపు, ముదురు ఆకుపచ్చ, మూడూ సమానంగా అడ్డంగా ఉండాలి. తెల్ల పట్టీ మధ్యలో నేవీ బ్లూలో ఒక చక్రం, చరఖాకు గుర్తుగా. ఆ చక్రం రూపం మాత్రం సారనాథ్‌లోని అశోకుడి సింహ శీర్షం మీద ఉన్న చక్రంలా ఉండాలి. చక్రం వ్యాసం తెల్ల పట్టీ వెడల్పుకి దాదాపు సరిపోవాలి. జెండా వెడల్పుకీ పొడవుకీ నిష్పత్తి మామూలుగా 2:3. ఇంతే. త్యాగం, శాంతి, సమృద్ధి, ఏదీ లేదు. మూడు రంగుల్లో ఒక్కదానికి కూడా అర్థం రాయలేదు. వాట్సాప్‌లో ఏటా తిరిగే "అశోకచక్రంలోని 24 ఆకులు, 24 సుగుణాలు" అనే జాబితా సంగతి సరేసరి, అసలు 24 అన్న అంకే ఆ తీర్మానంలో లేదు. సారనాథ్ చక్రానికి ఎన్ని ఉంటే అన్ని, అంతే లెక్క.

మొదట నాకు అది నిరాశగా అనిపించింది. చిన్నప్పటినుంచి కంఠతా పట్టి, వక్తృత్వ పోటీల్లో చెప్పి, ఒకసారి ప్లాస్టిక్ సోప్‌బాక్స్ కూడా గెలుచుకున్న అర్థాలకి ఆధారం ఇక్కడ లేదంటే ఎలా? కానీ చర్చలు చదివేకొద్దీ, అంతకు ముందు ఇరవై ఆరేళ్ళ కథ తవ్వేకొద్దీ నాకు వేరేలా అర్థమైంది. మన జెండా ఒకరు కూర్చుని గీసింది కాదు. దాన్ని గీసినవి అభ్యంతరాలు. ఎవరో ఒకరు "మరి మేము?" అన్నప్పుడల్లా ఒక గీత మారింది, లేదా గీత ఉండిపోయి దాని అర్థం మారింది. చివరికి, అర్థం రాయకుండా వదిలేయడమే అందరికీ కుదిరే పని అని తేలింది. ఆ ఖాళీ మరిచిపోయి మిగిలింది కాదనీ, అంత సులభంగా వచ్చింది కూడా కాదనీ నా అభిప్రాయం. క్విజ్‌లో దానికి ఒకటే సరైన జవాబు పెట్టి మిగతావాటికి సున్నా వేయడం నాకు నచ్చనిది అందుకే.

ఇలా అన్నందుకు నా మీద ఇప్పటికే ఒక స్నేహితుడు మండిపడ్డాడు. ఆయన సంగతికి తర్వాత వస్తాను.

బెజవాడలో మూడు గంటలు

పింగళి వెంకయ్య గురించి మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. భట్లపెనుమర్రు, బోయర్ యుద్ధం, బందరు జాతీయ కళాశాల, పత్తి వెంకయ్య, జపాన్ వెంకయ్య, 1916లో ముప్పై నమూనాలతో వేసిన పుస్తకం, చివరి రోజుల పేదరికం, ఇవన్నీ మనం పాఠంగా చదువుకున్నాం. పాఠం ఒకచోట మాత్రం చాలా తొందరపడుతుంది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీ అడిగారు, వెంకయ్య మూడు గంటల్లో గీసి ఇచ్చారు, మన జెండా పుట్టింది అంటుంది.

1921 ఏప్రిల్ 13న తన పత్రిక యంగ్ ఇండియాలో గాంధీ ఏం రాశారో చదివితే కొంచెం గుచ్చుకుంటుంది. నాలుగేళ్ళుగా ప్రతి కాంగ్రెస్ సభకీ వచ్చి జెండా కోసం పట్టుబట్టిన వెంకయ్య పట్టుదలని మెచ్చుకుంటూనే, ఆయన నమూనాలు మాత్రం తనలో ఉత్సాహం పుట్టించలేదని, దేశాన్ని కదిలించేది ఏదీ వాటిలో కనబడలేదని నిర్మొహమాటంగా రాసేశారు. రాట్నం పెట్టమన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నం గీసిమ్మని బెజవాడలో గాంధీ అడిగితే వెంకయ్య మూడు గంటల్లో ఇచ్చారు, నిజమే. అయినా అది కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైపోయింది. ఆలస్యమవడమే మంచిదైందని గాంధీయే రాశారు. ఎందుకంటే తీరిగ్గా ఆలోచిస్తే హిందువులకి ఎరుపు, ముస్లిములకి ఆకుపచ్చ పెట్టి, మిగతా మతాలవాళ్ళని వదిలేశామన్నది ఆయనకి తట్టింది. తెలుపు అలా వచ్చి చేరింది.

అంటే మన జెండాలో తెలుపు ఉండటానికి కారణం ఒక మీటింగుకి కాగితం లేటుగా అందడం! పుస్తకాల్లో ఈ ముక్క ఉంటే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఆ మొదటి జెండాలో పట్టీల వరస ఇప్పటిది కాదు. పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు. సంఖ్యలో అందరికంటే తక్కువవాళ్ళు అందరికంటే పైన, ఎక్కువమంది ఉన్నవాళ్ళు అడుగున. బలమున్నవాడు బలహీనుడికి కాపుగా ఉండాలి కాబట్టి అలా పెట్టానని గాంధీ వివరించారు. మూడూ ఒకే కొలత, ఎందుకంటే చిన్నవాడు పెద్దవాడితో సమానమే. నాకు ఈ ఒక్క విషయంలో ఆ పాత జెండా మీద ఇప్పటికీ ప్రేమ ఉంది. ఇప్పుడున్న వరస చూడటానికి బాగుంటుంది కానీ పైనా కిందా అన్న దానిలో ఆ మాట లేదు.

మా పెద్దాయన చదువుకున్నది ఈ 1921 అర్థమే. ఆయన అబద్ధం చెప్పలేదు. పదేళ్ళ పాటు కాంగ్రెస్ వాళ్ళు ఊరూరా చెప్పిన అర్థం అది, ఎందరో ఆ జెండా పట్టుకునే జైళ్ళకి వెళ్ళారు, 1923లో నాగపూర్ జెండా సత్యాగ్రహం దానికోసం జరిగిందే. కాకపోతే ఆయన 1931 దగ్గరికి రాకుండా ఆగిపోయారు.

ఇక నా స్నేహితుడి కోపం. "పింగళిని కూడా మనకి లేకుండా చేస్తావా? ఢిల్లీ వాళ్ళు ఇప్పటికే ఎవరెవరి పేర్లో చెబుతున్నారు, నువ్వొకడివి తక్కువయ్యావు" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. ఇప్పటి జెండా తయారీలో ఐసీఎస్ అధికారి బద్రుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య సురయ్య పేర్లు వినబడటం మొదలైనప్పటినుంచి మనవాళ్ళు కాస్త ఉలిక్కిపడుతున్నారు. కానీ వెంకయ్య గొప్పతనాన్ని "రూపకర్త" అన్న ఒక్క మాటలో దాచేస్తే నష్టం ఆయనకే అని నాకనిపిస్తుంది. జెండా అనేది పెద్దగా ఎవరికీ పట్టని రోజుల్లో, సొంత ఖర్చుతో తిరిగి, నాలుగేళ్ళు వరసగా ప్రతి సభలోనూ పెద్దల వెంటబడి, వాళ్ళు వద్దన్నా మళ్ళీ వచ్చి, చివరికి అడగ్గానే గీసివ్వడానికి బెజవాడలో సిద్ధంగా ఉన్న మనిషి ఆయన. ఆ వెంటబడటం లేకపోతే గాంధీ ఆ వ్యాసం రాసేవారా అన్నది నాకు అనుమానమే. రంగులూ గీతలూ తర్వాత పదిమంది చేతుల్లో పడి మారాయి. మారినందువల్ల ఆయనకి వచ్చిన లోటేమీ లేదు. స్నేహితుడు ఇంకా ఒప్పుకోలేదు.

కాషాయం ఒక్కటే చాలన్న కమిటీ

ఈ భాగం చదివినప్పుడు మాత్రం నేను కుర్చీలో కాస్త ముందుకి జరిగాను.

ఒక్కో మతానికి ఒక్కో రంగు అన్నాక, "మా రంగేది?" అని ఎవరైనా అడుగుతారు. సిక్కులు అడిగారు. అడగడంలో తప్పేముంది? మిగతావాళ్ళందరితో కలిపి తెలుపులో సర్దుకోమంటే ఎవరికి నచ్చుతుంది. వాళ్ళకి ఒక రంగు ఇస్తే తర్వాత ఇంకొకరు అడుగుతారు, ఇంకొకరికి ఇస్తే చివరికి జెండా కాస్తా జంపఖానా అవుతుంది. దాంతో 1931లో కరాచీ సమావేశాలప్పుడు ఏడుగురితో ఒక కమిటీ వేశారు. పటేల్, నెహ్రూ, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హార్డీకర్, ఇక కన్వీనరు మన భోగరాజు పట్టాభి సీతారామయ్య. బందరులో డాక్టరుగా ప్రాక్టీసు పెట్టి, తర్వాత ఆంధ్రా బ్యాంకు స్థాపించిన ఆ పట్టాభే. జెండా కథ మళ్ళీ బందరుకే వచ్చింది చూడండి.

ఆ కమిటీ ఇచ్చిన సిఫార్సు ఏమిటంటే, జెండా మొత్తం ఒకే రంగులో ఉండాలి, ఆ రంగు కేసరి, అంటే కాషాయం. కర్ర వైపు పైమూల ఎర్రటి గోధుమ రంగులో రాట్నం. అంతే.

ఇవాళ ఈ ముక్క ఎవరికైనా చెప్పి చూడండి, కమిటీలో ఎవరున్నారో చెప్పకుండా. ఎవరి కమిటీ అనుకుంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందులో మౌలానా ఆజాద్ ఉన్నారు, నెహ్రూ ఉన్నారు. వాళ్ళ దృష్టిలో కాషాయం ఏ ఒక్క మతం సొత్తూ కాదు, ఈ దేశంలో పాతకాలం నుంచి అందరూ ఎరిగిన రంగు, మిగతా దేశాల జెండాల్లో కలిసిపోకుండా విడిగా కనబడే రంగు. మతాల వాటాలు వదిలించుకోవడానికి వాళ్ళు ఎంచుకున్న దారి అది. తొంభై ఏళ్ళలో ఒక రంగు ఎంత దూరం నడిచి వచ్చిందో తలుచుకుంటే నాకు కొంచెం దిగులే వేసింది. అయితే రంగులకి అర్థాలు మనుషులు తగిలిస్తారు, మళ్ళీ వాళ్ళే పీకేస్తారు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు కూడా.

ఆ ఏడాది ఆగస్టులో బొంబాయిలో కాంగ్రెస్ కమిటీ ఆ సిఫార్సుని ఒప్పుకోలేదు. పాత మూడు రంగులనే కాస్త మార్చి ఉంచుకుంది. ఎరుపు పోయి కాషాయం వచ్చింది, అది పైకి చేరింది, తెలుపు మధ్యకి వచ్చింది, రాట్నం నీలం రంగులో తెలుపు మీదకి వచ్చింది. వీటితో పాటు ఇంకో మాట స్పష్టంగా చెప్పారు: ఈ రంగులకి మతాలతో సంబంధం లేదు. కాషాయం ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు సత్యానికీ శాంతికీ, ఆకుపచ్చ విశ్వాసానికీ శౌర్యానికీ గుర్తు అన్నారు. మా మేనకోడలు చెప్పిన జవాబు ఇదే. వాళ్ళ స్కూల్లో ఎవరో పాత పుస్తకం చూసి చెప్పి ఉంటారు.

నాకున్న అనుమానం ఇక్కడే. 1921లో ఆకుపచ్చ అంటే ముస్లిములు, 1931లో అదే ఆకుపచ్చ అంటే విశ్వాసం, శౌర్యం. గుడ్డ అదే, రంగు అదే. నిన్నటిదాకా చెప్పిన అర్థాన్ని ఒక తీర్మానంతో తుడిచేయడం కప్పిపుచ్చడం కాదా? "ఉన్నమాట చెబితే తప్పా" అన్న పెద్దాయన వైపు కూడా న్యాయం ఉంది కదా? ఒక రోజంతా నేను ఆయన పక్షమే.

తర్వాత మా చెల్లెలి పేరు గుర్తొచ్చింది. దానికి పేరు పెట్టేటప్పుడు మా ఇంట్లో పెద్ద రగడ జరిగిందట. అమ్మమ్మ పేరు పెడితే నాయనమ్మకి కోపం, నాయనమ్మ పేరు పెడితే అమ్మ తరఫు వాళ్ళు బారసాలకే రామన్నారు. చివరికి రెండు పేర్లూ కలిపి ఒక పొడుగాటి పేరు పెట్టి గండం గట్టెక్కారు. ఇప్పుడు ఆ పేరు పిలిస్తే నాకు అమ్మమ్మా గుర్తురాదు, నాయనమ్మా గుర్తురాదు, మా చెల్లెలే గుర్తొస్తుంది. అలాగని ఆ పేరు వెనక రాజీ జరగలేదని ఎవరైనా అంటే అది అబద్ధం. పేరు అసలు అర్థం ఇద్దరు ముసలమ్మల వాటాలే అని ఇప్పుడు పట్టుబట్టినా అది మూర్ఖత్వం. జెండా విషయంలో పెద్దాయనతో నా తగువు కూడా ఇంతే. మొదట్లో అలా ఉండేదని పిల్లలకి చెప్పండి, దాచొద్దు. ఎందుకు మార్చుకున్నారో కూడా అదే గుక్కలో చెప్పండి. మొదటి సగం చెప్పి సమోసా అందుకుంటే కుదరదు.

జెండాకి రెండో వైపు

1947లో రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన వేసిన కమిటీలో ఆజాద్, సరోజినీ నాయుడు, రాజాజీ, మున్షీ, అంబేద్కర్ ఉన్నారు. వాళ్ళు కాంగ్రెస్ జెండానే తీసుకుని రాట్నం బదులు చక్రం పెట్టారు. ఇది ఏదో పెద్ద తాత్విక చర్చలోంచి వచ్చి ఉంటుందని నేననుకునేవాణ్ణి. నెహ్రూ సభలో చెప్పిన కారణాల్లో మొదటిది వింటే ఏ దర్జీ అయినా నవ్వుతాడు. జెండా రెండు వైపులా ఒకేలా కనబడాలి. రాట్నంలో ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు ఉంటాయి. వెనకనుంచి చూస్తే అవి తారుమారవుతాయి, చక్రం కర్ర వైపు ఉండాల్సింది గుడ్డ చివరి వైపుకి పోతుంది. అందుకని రాట్నంలోంచి చక్రం ఒక్కటే ఉంచారు. చక్రం అన్నాక ఏ చక్రం? అశోకుడిది. తీర్మానంలో "చరఖాకు గుర్తుగా" అన్న మాట అందుకే ఉంది. మనం బడిలో చదువుకున్న "ధర్మచక్రం" వెనక ఈ కదురు సమస్య ఉంది.

జెండాని ఒక వస్తువులా, గాలికి అటూ ఇటూ తిరిగే గుడ్డలా చూసిన మనుషులు వీళ్ళు. పక్కింటివాళ్ళకి మన జెండా వెనక వైపు నుంచే కనబడుతుంది. అటునుంచి చూసినా అదే కనబడాలి అనుకోవడం నాకైతే రంగుల అర్థాలన్నిటికంటే బాగా నచ్చింది.

ఈ మార్పు గాంధీకి రుచించలేదు. చరఖా లేని జెండాకి నేను వందనం చేయను అన్నారు. అందరి అభ్యంతరాలూ ఎంతో కొంత విన్న జెండా ఆయన అభ్యంతరాన్ని సగమే విన్నది. బొమ్మలోంచి రాట్నం పోయినా గుడ్డలో మాత్రం నూలు మిగిలింది. చేత్తో వడికి చేత్తో నేసిన గుడ్డతోనే జెండా కుట్టాలన్న నిబంధన చాలాకాలం ఉంది, హుబ్బళ్ళి పక్కన బెంగేరిలోని ఖాదీ సంఘం దానిమీదే బతుకుతూ వచ్చింది. 2021 డిసెంబరు 30న ఫ్లాగ్ కోడ్ సవరించి మిషన్ గుడ్డ, పాలిస్టర్ కూడా పనికొస్తాయన్నారు. మరుసటి ఏడే ఇంటింటా జెండా. మా అపార్ట్‌మెంట్ జెండా అప్పుడు కొన్నదే. చక్రం కోడిగుడ్డులా సాగి ఉంది, కాషాయం ఇప్పుడు గులాబీకి దగ్గర పడింది. ఖాదీ జెండా కొందామని నేను మీటింగులో అంటే ఖర్చు లెక్కలు తీశారు. వాళ్ళని తప్పు పట్టలేను. పాలిస్టర్ వచ్చాకే మా వాచ్‌మన్ పిల్లలు తమ గది మీద సొంతంగా ఒక జెండా కట్టుకోగలిగారు, అది నేను కళ్ళారా చూశాను. రాట్నం తిప్పేవాళ్ళ కూలి సంగతి తలుచుకుంటే మళ్ళీ మనసు ఇటు లాగుతుంది. ఈ విషయంలో నేను ఇంకా తేల్చుకోలేదు.

మళ్ళీ సభకి వద్దాం. తీర్మానంలో అర్థం రాయలేదు కాబట్టి ఆ రోజు మాట్లాడినవాళ్ళు ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. నెహ్రూ ఈ జెండాకి మతాల అర్థం ఏదీ లేదని మాత్రం గట్టిగా చెప్పారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ కాషాయంలో త్యాగాన్ని, తెలుపులో వెలుగుని చూశారు. ఆకుపచ్చ అంటే మట్టితో, అన్ని ప్రాణాలకీ ఆధారమైన చెట్టూ చేమతో మన సంబంధం అన్నారు. మూడో అంతస్తు పిల్లాడు అన్న "పంటలకి" దాదాపు ఇదే! చక్రం మధ్యలో స్వస్తిక్ ఉండాలని సవరణ ఇచ్చిన హెచ్.వి. కామత్ జెండాని కళ్ళారా చూశాక పట్టుబట్టడం మానేశారు. నాకు అందరికంటే నచ్చింది ఆదివాసీల తరఫున మాట్లాడిన జైపాల్ సింగ్. జెండా ఎగరేయడం నాగరికుల సొత్తని మీరనుకుంటున్నారేమో, మా ఊళ్ళలో ప్రతి ఊరికీ ఒక జెండా ఉంది, వాటికోసం మేం ఎప్పటినుంచో కొట్లాడుతున్నాం, ఇకనుంచి మాకు రెండు జెండాలు, ఆరు వేల ఏళ్ళ పాతది ఒకటి, ఇది ఒకటి అన్నారాయన. ఎవరూ ఆయన్ని "ఏదో ఒకటే చెప్పు" అనలేదు. తీర్మానం ఏకగ్రీవం.

సెక్రటరీ గారి కాగితంలో ఉన్న సమృద్ధి ఎక్కడిదంటే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంది. భూమి సారం, ఎదుగుదల, శుభం అని అక్కడ రాస్తారు. అదీ తప్పు కాదు. కాకపోతే మొత్తం నలుగురు నాలుగు కాలాల జవాబులు చెబితే ఒక్క కాలానికే మార్కు పడింది.

అర్థం లేని జెండా ఏం జెండా అనేవాళ్ళున్నారు. దక్షిణాఫ్రికా వాళ్ళు 1994లో ఆరు రంగులతో కొత్త జెండా ఎగరేసినప్పుడు అధికారికంగా ఏ రంగుకీ ఏ అర్థమూ ఇవ్వలేదు. నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్నవాళ్ళు ఒకే గుడ్డ కిందికి రావాలంటే ఎవరి అర్థం రాస్తారు? తాత్కాలికం అనుకున్న జెండా అది, జనానికి నచ్చి నిలిచిపోయింది.

పరకాలలో ఎవరూ అడగలేదు

ఇంత రాశాక నాకే ఒక సందేహం మిగిలింది. ఈ కమిటీలు, తీర్మానాలు, అభ్యంతరాలు అన్నీ పెద్దవాళ్ళ గదుల్లో జరిగినవి. మా అమ్మమ్మ వాళ్ళది పరకాల పక్క ఊరు. 1947 ఆగస్టు 15 వాళ్ళకి స్వాతంత్ర్యం తేలేదు. నిజాం రాజ్యంలో పసుపు రంగు మీద గుండ్రటి కుల్చా రొట్టె బొమ్మ ఉన్న ఆసఫియా జెండాయే ఎగిరేది, మూడు రంగుల జెండా ఎగరేస్తే జైలు. హైదరాబాదులో స్వామి రామానంద తీర్థ ఆ రోజే జెండా ఎగరేసి అరెస్టయ్యారు. సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊళ్ళ జనం గుమిగూడితే నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. ఇప్పుడు అక్కడ అమరధామం ఉంది. అమ్మమ్మ దాన్ని ఎప్పుడూ వివరంగా చెప్పలేదు, "జెండ కాడ కాల్చిండ్రు" అని ఒక్క మాట అని ఊరుకునేది. ఆమె నోట అది "గాంధీ జెండ". రాట్నం ఉన్నదో చక్రం ఉన్నదో అడిగితే "ఎవలకెరుక బిడ్డా, ఉరికినం" అంది.

అక్కడ చేరినవాళ్ళలో ఎంతమందికి ఆకుపచ్చ అంటే ఏమిటో ఒక అభిప్రాయం ఉండి ఉంటుంది? 1931 తీర్మానం ఎవరు చదివారు? అది ఎగిరితే నిజాం ఉండడు, దొర ఉండడు, వెట్టి ఉండదు, బహుశా వాళ్ళకి తెలిసిన అర్థం అది. అర్థాన్ని జనమే తెచ్చి జెండాలో పోశారు, కమిటీ వాళ్ళు చేసింది గిన్నె ఖాళీగా ఉంచడం. నా వాదనకి ఇది అడ్డొస్తుందో దన్నుగా ఉంటుందో ముందు తెలియలేదు. ఇప్పుడు దన్నే అనుకుంటున్నాను. మూడు రంగులూ మూడు మతాల పేరు మీద అచ్చంగా రిజిస్టరై ఉంటే, ముస్లిం రాజు మీద తిరగబడుతున్న జనం చేతిలోని ఆ జెండాలో ఆకుపచ్చని ఏమని చదివేవాళ్ళం? అలాగని అమ్మమ్మ మాట విన్నాక మాత్రం, నా మూడు రాత్రుల చదువు కాస్త చిన్నదైపోయిందని ఒప్పుకోవాలి.

తర్వాతి ఆదివారం లిఫ్ట్ దగ్గర పెద్దాయన కనబడ్డారు. గాంధీ వ్యాసం గురించి చెప్పాను, చిన్నవాళ్ళు పైన, పెద్దవాళ్ళు కింద అన్న వరస గురించి కూడా. "చూశారా, నేను చెప్పలా" అన్నారు సంతోషంగా. 1931 గురించి మొదలుపెట్టేలోపు మూడో అంతస్తు వచ్చి తలుపు తెరుచుకుంది, ఆ పిల్లాడు సైకిల్‌తో సహా లోపలికి వచ్చాడు. సైకిల్ చోటంతా తినేసింది. "ఏరా పంటలూ, ఎటు?" అన్నారు పెద్దాయన. వాడు నవ్వాడు. వాడికి ఆ పేరు ఖాయమైపోయినట్టుంది, కింద పిల్లలు కూడా అలాగే పిలుస్తున్నారు.

మా మేనకోడలు ఫోన్ చేసినప్పుడల్లా మార్కు సంగతి అడుగుతూనే ఉంది. సెక్రటరీ గారికి మొత్తం కథ చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే వచ్చే జనవరి 26కి క్విజ్ మీరే పెట్టండి సార్" అని కాగితాలన్నీ నా చేతిలో పెట్టేశారు. మొదటి ప్రశ్న రాసుకున్నాను: జెండాలో రాట్నం తీసి చక్రం ఎందుకు పెట్టారు? దానికి కూడా ఇద్దరు ముగ్గురు లేచి వేర్వేరు జవాబులు చెబుతారేమోనని ఇప్పుడు నాకు టెన్షన్. బహుమతులకి టిఫిన్ బాక్సులు మాత్రం నాలుగు ఎక్కువ కొనమన్నాను.